నాలుగో రీలు

మియాడ, ఫుకువోకా
1979 ఏప్రిల్ 9

సెయిగోకి,

చెర్రీ పూలు రాలిపోయాయి. ఉత్తరం ఋతువుతో మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది, అందుకని రాశాను. ఇక అసలు సంగతి.

గని మూసి ఏడేళ్ళయింది. ఇప్పుడు పాత సంఘంవాళ్ళు కూడబలుక్కుని, గనిలో పోయినవాళ్ళ పేర్లతో ఒక రాయి నిలబెడుతున్నారు, బొగ్గు చెత్తదిబ్బ కింద, మన స్నానాలశాల ఉండే చోట. నలభై ఆరు పేర్లు. పద్నాలుగేళ్ళ కిందట గ్యాసు పేలినప్పుడు మీ మామయ్యతో పాటు పోయిన ఐదుగురి పేర్లూ ఉన్నాయి. ఆయనది లేదు.

కజివారా ఇంటికి వెళ్ళాను. ఆ కమిటీకి ఇప్పుడు అతనే పెద్ద.

“రా వదినా, కూర్చో, టీ తాగుదువు గాని.”

“టీకి రాలేదు, పేరుకి వచ్చాను.”

“ఇది సమ్మెలో నిలబడ్డవాళ్ళ రాయి వదినా. తొకుజి కంపెనీ వైపు చెయ్యెత్తాడు. ఊరంతా చూసింది.”

“ఊరంతా చూసింది సినిమాలో.”

“మనసులో లేందే సినిమాలో మాత్రం చెయ్యి అంత తేలిగ్గా ఎలా లేస్తుంది?”

అప్పటికి నువ్వు రెండేళ్ళవాడివి, నీకు తెలియదు. సమ్మె జరిగిన ఏడాది టోక్యో నుంచి సినిమావాళ్ళు వచ్చి, మా చేతే వేషాలు వేయించి ‘చేతులెత్తిన రోజు’ అని ఒకటి తీశారు. సంఘాన్ని చీల్చి కంపెనీ వైపు మొట్టమొదట చెయ్యెత్తేవాడి వేషం ఒకటుంది. అది వెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. స్నానాలశాలలో చీటీలు వేశారు. మీ మామయ్యకి తగిలింది. ఆయన బాగా చేశాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే. ఆ సీను తీసిన సాయంత్రం నుంచే, ఒకరికొకరు సారాయి పోసుకునే చోట, ఆయన గ్లాసులో ఎవరూ పొయ్యలేదు. మిగతా బతుకంతా తనే పోసుకున్నాడు.

అయితే ఆఖర్న, ఊళ్ళోకి వచ్చే నాటకాలవాళ్ళ పద్ధతిలో, అందరం ఒక్కొక్కరం కెమెరా ముందుకొచ్చి అసలు పేరు చెప్పి వంగి నమస్కారం పెట్టాం. నాలుగో రీలు అంటే అదే. ఊరూరా తిప్పిన కాపీలోంచి దాన్ని తీసేశారు. జనానికి వచ్చిన కోపం అది చూస్తే చల్లారిపోతుందని ఎవరో పెద్దమనిషి అన్నాట్ట. అందుకే మా ఊళ్ళో ఎవరూ అది చూడలేదు. అందులో మీ మామయ్య తన నోటితో తను ఎవరో చెప్పాడు.

ఆ రీలు మీ టోక్యోలోనే, ఒగికుబోలో సాగెసాకా అనే పళ్ళ డాక్టరు దగ్గర ఉంది. పాత సినిమాలు పోగేస్తాడట. షూటింగు నాటి ఫొటోలు ఉన్నాయా అని నిరుడు నాకు రాశాడు. నేను జవాబివ్వలేదు.

అది ఎలాగైనా సంపాదించు. నాకు పంపు, నాకు మాత్రమే, రిజిస్టరు చేసి. నువ్వు కూడా వేసి చూడకు. పాత ఫిల్ము, చిరుగుతుంది.

ఊరగాయ ముల్లంగి వేరే పార్శిల్లో పంపాను. తిండి మానేసి కరపత్రాలు తింటున్నావని మీ అమ్మ రాసింది.

సుగియే అత్తయ్య


టోక్యో
మే 14

అత్తయ్యకి,

నాకు ఋతువులు రావు. కోపం వచ్చు, దాంతోనే మొదలుపెడతాను.

చచ్చిపోయినవాళ్ళలో కూడా వీళ్ళు వరసలు పెడుతున్నారంటే ఆ సంఘం బతికుండగానే కుళ్ళిపోయిందన్నమాట. ఒక కార్మికుడు సంఘం కోసం ద్రోహి వేషం వేశాడు. అంతకన్నా పెద్ద త్యాగం ఏముంటుంది? హీరో వేషం ఎవడైనా వేస్తాడు. నీ ఉత్తరం మా ముద్రణ బృందంలో చదివి వినిపించాను. మేం నలుగురం. సైక్లోస్టైల్ మిషను ఒకటి. చదవగానే ఒకతను సిరా డబ్బా నేలకేసి కొట్టాడు. మూడు రోజులుగా నేల కడుగుతున్నాం.

సాగెసాకా ఆస్పత్రికి పంటి నొప్పి అని చెప్పి వెళ్ళాను. నోట్లో అద్దం పెట్టి ఉండగానే ‘చేతులెత్తిన రోజు’ గురించి అడిగాను. చెయ్యి ఆగింది.

“ఆ పేరు నీకెవరు చెప్పారు బాబూ?”

యూనియన్ హాళ్ళలో ప్రొజెక్టర్ తిప్పేవాణ్ణి, అక్కడ విన్నానన్నాను. అది నిజమే. అబద్ధం చెప్పి గెలవడం నాకు ఇష్టం లేదు. మన చుట్టరికం మాత్రం చెప్పలేదు.

వాళ్ళ మిషను తిప్పే ముసలాయనకి కంటిలో పొర వచ్చిందట. అలా ప్రతి నెలా రెండో ఆదివారం మధ్యాహ్నం ఆస్పత్రి మేడ మీద మిషను తిప్పే పని దొరికింది. నలుగురు వస్తారు. డాక్టరు, రేడియో మరమ్మతు చేసే ఒకాయన, మెడ మీద కండువా తియ్యని ఒక కాలేజీ మేష్టారు, ఊలు వ్యాపారి. చెప్పులు వరసగా విప్పి, కేకులు తిని, కిటికీలకి నల్లగుడ్డ కట్టి, మా మామయ్య ముఖాన్ని చూస్తారు.

నేను మూడు రీళ్ళూ చూశాను అత్తయ్యా. మీటింగు హాలు. మొదటి చెయ్యి లేస్తుంది. ఆయనదే. తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఎన్ని లేచాయో లెక్క తేలకముందే తెర తెల్లగా అయిపోతుంది. వీళ్ళకి కావలసింది ఆ తెల్లదనమే. రేడియో ఆయన దాని మీద ముప్పై పేజీలు రాశాడు. ముగింపు లేకపోవడమే గొప్ప రాజకీయమట. సమ్మె చేసిన మీకు ఆ ముక్క తెలియదు పాపం.

“ఇంత మంచి సినిమా జనానికి వెయ్యొచ్చుగా?” అని అడిగాను.

డాక్టరు నన్ను పసిపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. “అందరూ చూశాక ఇక అందులో చూడ్డానికి ఏముంటుంది?”

మేష్టారు కేకు నములుతూ అన్నాడు. “కుర్రాడికి ప్రజలంటే ప్రేమ. మా కాలేజీలో కూడా ఉండేది ఆ జబ్బు. ఉద్యోగం వస్తే తగ్గుతుంది.”

నేను పళ్ళు బిగించి మిషను తిప్పాను. పళ్ళ డాక్టరు ఇంట్లో ఇంకేం చెయ్యను?

నాలుగో రీలు గోడ బీరువాలో ఉంది. తగరం డబ్బా, మీద ఎర్ర దారం. చూశాను, ముట్టుకోలేదు. ఇంకొంత ఓపిక పట్టు. నాకు లేనిది అదొక్కటే, నువ్వు పట్టు.

సెయిగో


మియాడ
జూన్ 21

సెయిగోకి,

వాన పట్టుకుంది. చెత్తదిబ్బ మీంచి నల్లనీళ్ళు గుమ్మంలోకి వస్తున్నాయి. ఇంటి ముందు పార పట్టుకుని నిలబడే మగవాడు లేడని పార కూడా నన్ను చూసి నవ్వుతోంది.

రాయి చెక్కేవాడు సెప్టెంబరులో మొదలుపెడతాడట. ఒకసారి పేర్లు చెక్కాక మళ్ళీ ఎక్కించరు. నాకు అరవై దగ్గర పడుతున్నాయి. పిల్లలు లేరు. మీ మామయ్య ఈ భూమ్మీద బతికాడు అనడానికి ఆ రాయి తప్ప ఇంకేమీ మిగలదు. ఇంట్లో ఉన్న ఫొటో నేను పోయాక ఎవరి చెత్తబుట్టలోకి వెళ్తుందో.

మొన్న కూరల దుకాణం దగ్గర కజివారా పెళ్ళాం “ఏం సుగియే, ఇంకా పేరు పిచ్చి వదల్లేదా” అంది. “నీ మొగుడి పేరు కూడా చెక్కిస్తానుండు, ముందు వాణ్ణి పోనీ” అన్నాను. దుకాణంవాడు నాకు రెండు వంకాయలు ఎక్కువ వేశాడు.

మళ్ళీ చెప్తున్నాను. రీలు నా చేతికే రావాలి. కమిటీతో నేను మాట్లాడుకుంటాను. ఈ విషయంలో ఎందుకని అడగొద్దు. నువ్వు మంచివాడివి, కానీ నీ మంచితనం అవతలివాడి మాట ఆఖరి దాకా వినదు.

సుగియే అత్తయ్య


టోక్యో
జూలై 17

అత్తయ్యకి,

పని అయిపోయింది. ముందు నీ ఎదురుగా ఒక విషయం కక్కేయాలి.

ఈ నెల రెండో ఆదివారం వాళ్ళు నాలుగో రీలు బయటికి తీశారు. ఏడాదికోసారి తీస్తారట. నన్ను మాత్రం కిందికి పంపేశారు, డాక్టరే మిషను దగ్గర కూర్చున్నాడు. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. ఎవరెవరో పేర్లు చెబుతున్నారు, గొంతులు సరిగ్గా తెలియడంలేదు. ఒకచోట మిషను ఆగింది. వెనక్కి తిరిగింది. మళ్ళీ నడిచింది. మళ్ళీ వెనక్కి. ఇరవై సార్లకి తక్కువ కాదు. నడిపించినప్పుడల్లా గదిలోంచి ఒక నిట్టూర్పు, మంచి వంటకం నోట్లో పెట్టుకున్నవాళ్ళలాగా.

“మూడు సెకన్లు,” అన్నాడు మేష్టారు. “ఏ నటి వల్లా కాదు.”

“నటించమంటే ఎవరూ అసలు చెయ్యలేరు,” అన్నాడు డాక్టరు. “అదే దాని అందం.”

ఆ మూడు సెకన్లు ఏమిటో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కార్మికుల ముఖాలని ముక్కలు కోసి చప్పరించే ఈ జాతి మీద నాకు అసహ్యం వేసింది. వాళ్ళు కిందికి టీకి దిగినప్పుడు పైకి వెళ్ళి, డబ్బా చొక్కా కింద పెట్టుకుని, దాని చోట మా కరపత్రం పెట్టి వచ్చేశాను.

నువ్వు చెప్పినట్టే నేను వేసి చూడలేదు. కానీ నీకు పంపడం లేదు. కోప్పడకు, పూర్తిగా చదువు.

ఒక్కడు బీరువాలో దాచింది తీసి ఇంకొకరి బీరువాలో పెడితే దొంగతనమే అవుతుంది. జనం ముందు పెడితే అది న్యాయం. ఈ రీలు ఎవరి ముందు దాచారో వాళ్ళే మొదట చూడాలి, ఊరంతా ఒకేసారి, ఒకే చీకట్లో. మామయ్య ముఖం మీద అబద్ధం చెప్పింది ఊరు. ఊరి ముందే ఆయన నిజం చెప్పాలి. అందుకని నేరుగా కజివారా కమిటీకి రిజిస్టరు చేశాను, మా ముద్రణ బృందం పేరు మీద. మన చుట్టరికం రాయలేదు, బంధువులు కాబట్టి పూనుకున్నారు అనకుండా. కజివారా ఒప్పుకున్నాడు. చనిపోయినవాళ్ళు ఇళ్ళకి వచ్చే బోన్ పండగకి ముందు రోజు, ఆగస్టు పన్నెండున, బడి హాల్లో వేస్తారు.

ముందు వరసలో కూర్చో అత్తయ్యా. మంచి కిమోనో కట్టుకో.

సెయిగో


టెలిగ్రాం
మియాడ, జూలై 21

రీలు వెనక్కి తెప్పించు. ఎవరూ చూడకూడదు. సుగియే.


టోక్యో
జూలై 25

అత్తయ్యకి,

టెలిగ్రాం అందింది. నీకు భయం. పందొమ్మిదేళ్ళు తల వంచుకుని నడిచినవాళ్ళకి తల ఎత్తమంటే మెడ నొప్పి పుడుతుంది. నేను చదివినదాంట్లో ఇదే రాసి ఉంది, అణగదొక్కబడ్డవాళ్ళు అన్నిటికన్నా ఎక్కువ భయపడేది తమ విడుదలకే.

తెప్పించను. తెప్పిస్తే ఆ పళ్ళ డాక్టరుకీ నాకూ తేడా ఉండదు.

అన్నట్టు అతను పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. చిన్న కార్డు పంపాడు. “ఎప్పుడు వేస్తున్నారో దయచేసి తారీఖు తెలపండి. ఆమె హాల్లో ఉంటారా?” అంతే. ఆమె ఎవరో, ఏమిటో. తారీఖు రాసి పడేశాను. ప్రజల సభకి ఎవరైనా రావచ్చు.

సెయిగో


మియాడ
ఆగస్టు 19

సెయిగోకి,

బోన్ అయిపోయింది. దీపాలు నీళ్ళలో వదిలేశారు.

నువ్వు కట్టుకోమన్న మంచి కిమోనో కట్టుకున్నాను. వెళ్ళకపోతే వెళ్ళలేదని అంటారు. ముందు వరసలో నాకు కుర్చీ వేసి ఉంచారు. అరవై మంది పైన వచ్చారు. అందరి చేతుల్లో విసనకర్రలు. ఆఖరి వరసలో తెల్ల టోపీ పెట్టుకుని ఒక టోక్యో మనిషి. ఆయన దగ్గర విసనకర్ర లేదు, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు, గుళ్ళో కూర్చున్నట్టు.

మీ మామయ్య తెర మీదికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళ ముఖం. నవ్వుతున్నాడు. “ఇసోగాయి తొకుజి. రెండో గనిలో బొగ్గు కొట్టేవాణ్ణి. ఈ వేషం చీటీల్లో తగిలింది. సమ్మెలో మాత్రం ఆఖరి రోజు దాకా మీతోనే ఉంటాను.” అని వంగి నమస్కారం పెట్టాడు. విసనకర్రలు ఆగిపోయాయి. ఎవరో ముసలాయన ఏడ్చాడు కూడా. నీ న్యాయం అక్కడితో అయిపోతే బాగుండేది.

ఆ తర్వాత ఆయన పక్కకి తిరిగి చెయ్యి చాపుతాడు. “ఇది నా ఆవిడ,” అంటాడు.

నేను ముందుకొస్తాను. ఆ చెయ్యి పట్టుకోను. దాన్ని తప్పించుకుని, పక్కకి జరిగి, అవతల నిలబడ్డ ఆడవాళ్ళ వైపు వెళ్ళి నిలబడి, “హిరోవతారి సుగియే, గని భార్యల సంఘం” అంటాను.

పుట్టింటి ఇంటిపేరు. మీ ఇంటిపేరే, సెయిగో. మొగుడు చెయ్యి చాపుకుని నిలబడి ఉండగా, కెమెరా ముందు, నేను ఇసోగాయి మనిషిని కానని చెప్పాను. ఆయన చెయ్యి గాల్లో ఉండిపోతుంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకుంటాడు. అదే నీ పళ్ళ డాక్టరు మూడు సెకన్లు. ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఎవరి వంతు హడావుడిలో వాళ్ళున్నారు, ఆ చెయ్యి సంగతి ఎవరూ గమనించలేదు.

ఎందుకు చేశావని నువ్వు అడగవు, నీకు పుస్తకంలో దొరుకుతుంది. అయినా చెప్తాను. ఆ సీను తీసినప్పటి నుంచి కుళాయి దగ్గర నా వంతు రానిచ్చేవాళ్ళు కాదు. నా బియ్యం అందరి తర్వాత కడుక్కోవాలి. పది రోజులు. ఒక్క పూట వాళ్ళలో నిలబడాలనిపించింది. ఇంటికొచ్చాక మీ మామయ్య, “నీ గొంతు స్పష్టంగా పలికింది,” అన్నాడు. ఐదేళ్ళ తర్వాత పోయేదాకా ఆ మాట తప్ప దాని గురించి ఇంకో మాట అనలేదు.

రీలు నా చేతికి వచ్చి ఉంటే కత్తెర పట్టుకుని నా ముక్క తీసేసేదాన్ని. ఆయన మాట ఉంచి కజివారాకి ఇచ్చేదాన్ని. ఆయన పేరు రాయి మీద ఉండేది, నేను ఈ ఊళ్ళో ఉండేదాన్ని. అంతే కదా నేను అడిగింది.

దీపాలు వెలగకముందే కజివారా పెళ్ళాం నా వెనకనుంచి, “సొంత పెళ్ళామే కాదందమ్మా, ఇంక మనల్నేం అనాలి,” అంది. హాలంతా ఊపిరి వదిలింది. నేను విన్నాను. పందొమ్మిదేళ్ళు బిగబట్టిన ఊపిరి. ఆయన గ్లాసులో పొయ్యనివాళ్ళు, ఆయన శవపేటిక మొయ్యనివాళ్ళు, అందరూ ఒక్కసారి తేలికైపోయారు. తప్పు ఎవరి మీద వెయ్యాలో వాళ్ళకి దొరికింది.

మర్నాడు కజివారా గుమ్మంలో నిలబడి మాట్లాడాడు, లోపలికి రాలేదు. ‘వదినా’ అనడం మానేశాడు.

“సుగియేగారూ, తొకుజి పేరు చెక్కుతున్నాం. నలభై ఏడోది. మీరు మాత్రం ఆవిష్కరణకి రాకుండా ఉంటే మంచిది. ఆడవాళ్ళు ఏదైనా అంటే బాగుండదు.”

“అది నా మొగుడి పేరు, కజివారా.”

“అది ఆ రోజు గుర్తుండాల్సింది కదా.”

డాక్టరు సంగతి కూడా రాస్తాను. హాలు బయట నా ముందు నిలబడి నడుం వంగేలా నమస్కారం పెట్టాడు. చేతిలో మిఠాయి పెట్టె. “తెర మీద ఉన్నామె తనని తాను చూసుకుంటూ కూర్చున్న హాల్లోనే నేను కూడా కూర్చున్నాను. ఇంకెవరికీ ఇది దొరకదమ్మా,” అన్నాడు. తర్వాత సంచిలోంచి టేప్ రికార్డరు తీసి, ఆ పేరు ఆ రోజు చెప్పినట్టే ఇంకోసారి చెబుతారా అని అడిగాడు.

చెప్పాను. ఆ రోజు నాకు నమస్కారం పెట్టింది అతనొక్కడే.

రీలు ఊరివాళ్ళనే ఉంచుకోమన్నాడు. ఇంతమంది చూసేశాక దాంతో తనకి పని లేదట. ఆ మిఠాయి నేను తినలేదు, పారెయ్యలేదు. అల్మరాలో ఉంది.

అక్టోబరు ఏడున ఆవిష్కరణ. నన్ను రావద్దన్నారు కాబట్టి నువ్వు వెళ్ళు. దగ్గరగా వెళ్ళి చూడు. ఆయన పేరు మిగతావాళ్ళవంత లోతుగా చెక్కారో, పైపైన గీకి వదిలేశారో. అది నాకు రాసి పంపు. ఇంకేమీ రాయొద్దు. ముఖ్యంగా అణగదొక్కబడ్డవాళ్ళ గురించి రాయొద్దు.

సుగియే


టోక్యో
అక్టోబరు 9

అత్తయ్యకి,

వెళ్ళాను. స్టేషను నుంచి నేరుగా చెత్తదిబ్బ కిందికే వెళ్ళాను. మీ ఇల్లు అక్కడికి కనిపిస్తుంది. చెక్క తలుపులు వేసి ఉన్నాయి. పొగ గొట్టంలోంచి పొగ వస్తోంది.

పేరు లోతుగానే చెక్కారు. వేలు పెట్టి చూశాను, గోరు మునుగుతుంది. మిగతా పేర్లంత లోతే. ఆఖర్న ఉంది, పైపేరుకి కొంచెం ఎడంగా. అంచులు ఇంకా తెల్లగా ఉన్నాయి, రెండు వానలకి కలిసిపోతాయని చెక్కినాయన అన్నాడు.

నువ్వు అడిగింది ఇంతే. ఇంకేమీ రాయొద్దన్నావు. రాయకపోతే నేను ఎవడినో నీకు తెలియదు, అందుకని రాస్తున్నాను.

రీలు పంపిన టోక్యో కుర్రాడని నన్ను ముందు నిలబెట్టారు. నీ మేనల్లుణ్ణని అక్కడ ఎవరికీ తెలియదు. పేరు అడిగితే కరపత్రాల కింద పెట్టుకునే పేరు చెప్పాను. మాట్లాడమన్నారు. పది నిమిషాలు మాట్లాడాను. నిజం గురించి, ప్రజల గురించి. నీ గురించి నాలుగు వాక్యాలు రైల్లో రాసుకున్నాను. కుళాయి గురించి, కడగనివ్వని బియ్యం గురించి, ముందుగా ఆ హాల్లోవాళ్ళే సిగ్గుపడాలని. కాగితం చొక్కా జేబులో ఉంది. ముందు వరసలో కజివారా పెళ్ళాం కళ్ళు తుడుచుకుంటూ నన్నే చూస్తోంది. ఆ నాలుగు వాక్యాల దగ్గరికి వచ్చేసరికి చప్పట్లు మొదలయ్యాయి. నేను ఆగిపోయాను. చప్పట్ల కోసమే ఆగాడనుకున్నారు.

తర్వాత గుడారంలో భోజనాలు. రాయి మీద పోసిన సారాయి సీసా అందరూ పంచుకున్నారు. నా గ్లాసు ఖాళీ అవ్వనివ్వలేదు. ఒకరు పోసి వెళ్ళగానే ఇంకొకరు. నా జన్మలో ఇంతమంది నా భుజం తట్టలేదు.

“ఆ సుగియే పోయాక దాని సమాధి మీద ఏ ఇంటిపేరు చెక్కాలో,” అంది కజివారా పెళ్ళాం. “రెండు రాళ్ళు తెప్పించుకుని, ఏ రోజు ఎవరు కుళాయి దగ్గర ఉంటే ఆ రాయి తిప్పుకోవచ్చులే.”

అందరూ నవ్వారు అత్తయ్యా. చేతిలో నిండు గ్లాసు ఉంది. నేనూ నవ్వాను.

సెయిగో